నలభై మంది ఎగిరిన భూకంపం

ఆ శనివారం ఉదయం జాగ్రత్తయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. బడిపిల్లలకు భూకంప పరిశీలన కేంద్రం చూపించడం, మధ్యాహ్నానికల్లా ఇంటికి పోయి నడుం వాల్చడం. ఆ కేంద్రంలో ఆయన ఇరవై ఏళ్లుగా సహాయకుడు. అసలు పేరు వేరే ఉంది గానీ, తాళం వేసిన తలుపును మూడుసార్లు లాగి చూసే మనిషిని ఎవరు మాత్రం అసలు పేరుతో పిలుస్తారు?

పదో తరగతి పిల్లలు నలభై మంది వచ్చారు, వెంట సైన్సు టీచరమ్మ. పాఠం అయ్యాక, "ఇప్పుడందరూ ఒక్కసారి ఎగరండి. టైం రాసుకుని, గీత ఎలా వణుకుతుందో చూడండి" అన్నాడు. నలభై మందీ ఎగిరారు. తెర మీద గీత దడుచుకున్నట్టు లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. జాగ్రత్తయ్యకు మాత్రం అప్పుడు గుర్తొచ్చింది. పిల్లల్ని ఎగరమనే ముందు పెద్దాఫీసుకు పోయే లైను ఆపాలి. ఆయన ఆపలేదు.

ఫోను మోగనే మోగింది.

"ఏమయ్యా, మీ గీత ఎర్ర గుర్తు దాటింది. భూమి కదిలిందా?" పెద్దాఫీసరు గొంతు.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. భయం దాన్ని వెనక్కి నెట్టింది. "కదిలిందండీ."

"గట్టిగానా?"

"ఏదో... ఓ మోస్తరుగా."

అయిదు నిమిషాల్లో ఊరంతా సైరను. ఎదురుగా మంగలి షాపులోంచి సగం గడ్డంతో ఒకాయన తువ్వాలు కప్పుకునే పరుగెత్తుకొచ్చాడు. ఈలోగా భార్య ఫోను.

"ఏమండీ, అమ్మని కుర్చీతో సహా మూడంతస్తులు దించాం. తమ్ముడికి నడుం పట్టేసింది. ఇంకా ఎంతసేపు నిలబడాలి?"

"కాసేపు..." అన్నాడు.

అప్పుడు కిటికీలోంచి కనిపించింది పక్కనున్న ఆసుపత్రి. చక్రాల మంచం మీద ఒక ముసలమ్మను ఎండలోకి తోసుకొచ్చారు. నర్సు సెలైన్ సీసా పైకెత్తి పట్టుకుని నిలబడింది. జాగ్రత్తయ్య ఇక చూడలేకపోయాడు. కంప్యూటరు ముందు కూర్చుని పెద్దాఫీసుకు టైపు చేశాడు: 'ఈ భూకంపం నేను చేసినది. ఎవరికీ ప్రమాదం లేదు. అందరినీ లోపలికి పంపగలరు.'

టీచరమ్మ వెనక నుంచి వంగి చదివింది. "పిల్లల మీదికి రాదు కదండీ?"

"ఎగరమన్నది నేనమ్మా. వాళ్ల మాటే ఎత్తలేదు" అని, కళ్లు మూసుకుని పంపించేశాడు. ఇరవై ఏళ్ల ఉద్యోగం కళ్లముందే నీళ్లలో కొట్టుకుపోయినట్టనిపించింది.

వెనక నుంచి ఒక పొట్టి పిల్ల చొక్కా లాగింది. "సార్, మేం ఎగిరింది పదీ ఇరవైకి. రాసుకున్నా. కానీ గీత పదీ పదిహేడుకే ఒకసారి ఎర్ర గుర్తు దాటింది, చూడండి."

చూశాడు. రెండు వణుకులు. మొదటిది వచ్చినప్పుడు ఆయన తెరకు వీపు పెట్టి పాఠం చెబుతున్నాడు.

మళ్లీ ఫోను. జాగ్రత్తయ్య నిలబడే ఎత్తాడు.

"శభాషయ్యా! పదీ పదిహేడు వణుకు మిగతా మూడు కేంద్రాల్లోనూ పడింది. చిన్నదేలే, ఎక్కడా ఏం కాలేదు. అందరికంటే ముందు ఖాయంగా చెప్పింది నువ్వే!"

"సార్, నేనొక ఉత్తరం పంపాను... దాన్ని చదవకండి సార్!"

"ఉత్తరమా? ఉండు, ఇప్పుడే తెరుస్తున్నా."

సోమవారం ఆయన బల్ల మీదికి రెండు కాగితాలు వచ్చాయి: భూకంపాన్ని ముందుగా ధ్రువీకరించినందుకు ప్రశంసాపత్రం ఒకటి, దాన్ని పైవారి అనుమతి లేకుండా తన పేర రాసుకున్నందుకు సంజాయిషీ నోటీసు ఒకటి.