తూనీగ బండికి ఏనుగు పరీక్ష

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే ఈ చివర పెళ్లయితే ఆ చివరికి శుభలేఖ బారసాల నాటికి అందేంత పెద్ద అడవిలో, కనకవల్లి అనే ఏదుపంది ఆరోగ్యశాఖలో పనిచేసేది. పిల్లలకి సూదిమందు వెయ్యడం ఆవిడ పని. శాఖ దగ్గర సూదులు ఎప్పుడూ ఉండేవి కావు గనక, ఒంటిమీద ముళ్లున్నవాళ్లకే ఆ ఉద్యోగమని రూలు పెట్టారు. పాతికేళ్ల సర్వీసులో పాపం ఆవిడ వీపు సగం బోడి అయిపోయింది.

ముళ్లు పోతే పోయాయి. మోకాళ్లు కూడా పోయాయి, అదీ అసలు బాధ.

అడవికి ఆ చివర ఎగువగుట్ట అని ఒక గూడెం ఉంది. నడిస్తే నాలుగు రోజులు. తొలకరి చినుకుతోపాటే అక్కడికి ఎర్రజ్వరం దిగుతుంది. పిల్లల్నే పట్టుకునే జ్వరం అది. చినుకు పడకముందే సూది పడిందా, ఏమీ కాదు. క్రితం ఏడు కనకవల్లి కుంటుకుంటూ వెళ్లేసరికి రెండు రోజులు ఆలస్యమైంది. పదకొండు మంది పిల్లలు పోయారు. బిడ్డని పోగొట్టుకున్న ఒక జింక తల్లి ఆవిడని పల్లెత్తు మాట అనలేదు. "వచ్చావా కనకమ్మా, కూచో" అని మంచినీళ్లిచ్చింది. ఆ నీళ్లు ఆవిడకి గొంతు దిగలేదు. ఇప్పటికీ తలుచుకుంటే ఏడుపొస్తుంది.

అందుకే ఈ ఏడు ఎండలు మొదలవగానే అర్జీ పెట్టుకుంది. "అయ్యా, నాకూ మందుల పెట్టెకీ చోటుండే చిన్న బండి ఒకటి ఇప్పించండి. పాతదైనా ఫరవాలేదు." అంతే, రెండు ముక్కలు.

రెండు ముక్కల అర్జీ అంటే అడవిని ఏలే మహాసభకి అనుమానం. ఇందులో ఏదో దాచింది, తేల్చండి అని ఒక కమిటీ వేశారు.

కమిటీకి అధ్యక్షులు ఏనుగు కుంభారావుగారు. మంచివారే. కోపం లేదు, తాపం లేదు. ఏ పనైనా స్థిమితంగా కూర్చుని చెయ్యాలంటారు. సభ్యుడు నెమలి పింఛాలరావు. ఏ వస్తువు చూపించినా అందులో తన మొహం కనబడుతుందా లేదా అన్నదే ఆయన పరీక్ష. ఇక కార్యదర్శి నక్క జిత్తయ్య. ఆయన గురించి నేను చెప్పక్కర్లేదు, ఆయనే చెప్పుకుంటాడు.

ఆ రోజుల్లో అడవిలో చిన్న బండి అంటే తూనీగే. వడ్రంగి పిట్టల కంపెనీ తయారు. గుప్పెడు ఇప్పపూలు పోస్తే పది కోసులు పరిగెత్తేది. అప్పటికి మూడు తరాలు వచ్చాయి. మొదటి తరం తూనీగ మొద్దు సరుకు. తలుపు మూసుకోకపోతే కాలితో తన్నాలి. రెండో తరానికి అద్దాలూ, మెత్తటి సీటూ పెట్టి, ఇంజను వెనక్కి మార్చారు. మూడో తరం సరికొత్తది, మాట్లాడుతుంది. ఎక్కగానే "దయచేసి తోక లోపల పెట్టుకోండి" అంటుంది. పెట్టుకునేదాకా కదలదు. తోక లేని కప్ప ఒకటి షోరూములో ఎక్కి, పొద్దున్నించి సాయంత్రం దాకా బతిమాలుకుని, చివరికి ఏడ్చుకుంటూ దిగిపోయింది.

కమిటీ మొదటి సమావేశానికి ముందే కనకవల్లి మెకానిక్ కోతి భూషణాన్ని వెంటబెట్టుకుని మూడూ చూసొచ్చింది.

"ఏం భూషణం, ఏది మంచిదంటావ్?"

"కొత్తదానికి వాగుడెక్కువమ్మా. పైగా లావెక్కింది. ఎగువగుట్ట దారిలో ఆ రెండు మద్దిచెట్ల మధ్య దూరదు. మొదటి తరంది ఊళ్లో ఒకటే మిగిలింది, ఆ జిత్తయ్యగారి బావమరిదిది. అందులో ఇంజను ఉన్నచోట పందికొక్కులు కాపురముంటున్నాయి. కళ్లుమూసుకుని ఎలుగుబంటి భల్లయ్యది తీసుకో. రెండో తరం. తేనె తోలుకునేవాడు, సీటు కాస్త అంటుకుంటుంది గానీ, ఇంజను గడియారం."

కనకవల్లి ఎక్కి కూర్చుంది. పెట్టె పక్కన సరిగ్గా పట్టింది. ఒక చుట్టు తిప్పింది. మోకాళ్లు హమ్మయ్య అన్నాయి. దిగబోతే సీటు కూడా లేచొచ్చింది, అది వేరే సంగతి.

ఆ మాటే కమిటీ ముందు చెప్పింది. "భల్లయ్యగారి బండి చాలు సార్. వానలు ఇంకా రెండు నెలలు. రేపిస్తే రేపే బయల్దేరతాను."

"అలా ఎలాగమ్మా!" అన్నారు కుంభారావుగారు. "బండి ఎక్కేవాళ్లే బండి ఎంచుకుంటే ఇంక మేమెందుకు? నీ అభిప్రాయాన్ని ఆరో అనుబంధంలో కలుపుతాం."

ఆరో అనుబంధం ఎవరూ చదవరని అడవిలో పసిపిల్లాడికి కూడా తెలుసు.

ఇక్కడ జిత్తయ్య సంగతి కొంచెం చెప్పాలి. బావమరిది ఆ పాత బండిని తెచ్చి సరిగ్గా జిత్తయ్య బొరియ గుమ్మానికి అడ్డంగా వదిలేసి పోయాడు. మూడేళ్లుగా జిత్తయ్య సొంత ఇంట్లోకి వెనకదారిన, ముళ్లకంపలోంచి దూరుతున్నాడు. "అన్నదమ్ములున్నదాన్ని చేసుకున్నందుకు అనుభవించండి" అని పెళ్లాం రోజూ లోపల్నించి. ఆ దరిద్రాన్ని ఎలాగైనా సభకి అంటగట్టాలని ఆయన కాచుక్కూచున్నాడు. అందుకని సభ నిబంధనల మాన్యువల్ తీశాడు.

"సార్, పన్నెండో నిబంధన. 'సభ కొనే ప్రతి బండి మీదా అధ్యక్షులు స్వయంగా ఎక్కి కూర్చుని పరీక్షించవలెను.'"

ఆ నిబంధన రాసిననాడు అధ్యక్షులు పిచుక. తర్వాత అధ్యక్షులు మారారు గానీ నిబంధన మారలేదు. మారుద్దామని ఎవరికీ తోచలేదు కూడా, రాసింది ఉంది కదా అని.

పరీక్ష రోజు అడవంతా వచ్చింది. ముందు కొత్త తూనీగ. పింఛాలరావు చుట్టూ తిరిగి, అద్దంలో చూసుకుని, "దివ్యంగా ఉన్నాను" అని రాయించాడు. ఆ తర్వాత కుంభారావుగారు మెల్లగా వెనక్కి తిరిగారు.

"దయచేసి తోక లోపల..." అంది బండి.

ఆ తర్వాత ఇంక ఏమీ అనలేదు. కుంభారావుగారు లేచి చూస్తే నేలమీద అప్పడం ఉంది.

"ఎత్తు చాలదు. రాసుకోండి" అన్నారాయన.

రెండోది భల్లయ్య బండి. కనకవల్లి పరిగెత్తుకెళ్లి అడ్డంగా నిలబడింది. "వద్దు సార్, మీ కాళ్లు పట్టుకుంటాను! ఎక్కేది నేను సార్! నేనూ పెట్టే కలిపినా మీ చెవంత ఉండం!"

"భావోద్వేగాలకి మాన్యువల్లో చోటు లేదమ్మా" అన్నాడు జిత్తయ్య నవ్వుతూ, ఆవిణ్ణి పక్కకి జరిపి.

కుంభారావుగారు కూర్చున్నారు. పైకప్పూ, అద్దాలూ, మెత్తటి సీటూ అన్నీ కలిసి పలక అయిపోయాయి. లేవబోతే మాత్రం ఆయనకి కాసేపు అంటుకుంది. "వదలదే!" అన్నారు. "దిగడానికి ఇబ్బంది. రాసుకోండి."

కనకవల్లి అక్కడే చతికిలబడి ఏడ్చింది. అడవిలో చాలామంది జాలిపడ్డారు గానీ, కార్యక్రమం మధ్యలో ఉంది కదా అని ఊరుకున్నారు.

మూడోది జిత్తయ్య బావమరిది బండి. ముందురోజే జిత్తయ్య దాన్ని మైదానానికి ఈడ్పించి, నేల నుంచి కప్పు దాకా బండరాళ్లతో కూరాడు. పందికొక్కుల్ని కూడా ఖాళీ చెయ్యనివ్వలేదు, సందుల్లో సర్దుకోమన్నాడు. కుంభారావుగారు వచ్చి కప్పు మీద కూర్చున్నారు. బండి కిమ్మనలేదు. అటూ ఇటూ ఊగారు, బండి చెక్కుచెదరలేదు. అడవి అదిరిపోయేలా చప్పట్లు.

ఇంధనం పరీక్ష కూడా పెట్టారు. గుప్పెడు ఇప్పపూలు పోసి, మర్నాడు తీసి చూస్తే ఒక్క పువ్వు తగ్గలేదు. రిపోర్టులో ఇలా రాశారు: "మొదటి తరం తూనీగ, వాడినది. ఇంధనం ఖర్చు సున్నా. ప్రమాదాలు సున్నా. చప్పుడు సున్నా. ఇంత పొదుపైన బండిని ఈ కమిటీ ఎరగదు." పింఛాలరావు సంతకం పెట్టాడు. జిత్తయ్య రెండు పెట్టాడు.

"మరి కదులుతుందా అండీ?" అని భూషణం అడిగాడు.

"అది కమిటీ పరిధిలో లేదు" అన్నాడు జిత్తయ్య.

ఇదంతా తెమిలేసరికి రెండు నెలలూ అయిపోయాయి. బండి తేలేదాకా మందుల పెట్టె కూడా కమిటీ తన దగ్గరే ఉంచుకుంది. పడమట మబ్బు పట్టింది. అప్పుడు కుంభారావుగారికి ఆవేశం వచ్చింది. "ఇంత మంచి బండిలో మొదటి ప్రయాణం మనమే చెయ్యాలయ్యా. మందులు మనమే ఎగువగుట్టకి పట్టుకెళ్దాం. పెట్టె నా తొండానికి ఇవ్వండి. జిత్తయ్యా, నువ్వే తోలు."

జిత్తయ్య మొహం మాడిపోయింది. కాదంటే రిపోర్టు అబద్ధమని ఒప్పుకోవాలి. రెండు సంతకాలాయె! చేసేదిలేక రెండు రాళ్ల మధ్య దూరి, తల ఒక్కటీ కిటికీలోంచి బయటపెట్టాడు. "సార్, పరుగులో దుమ్ము రేగుతుంది, కళ్లు మూసుకోండి" అని, నోటితో "బుర్ర్ర్ర్..." అని మొదలెట్టాడు.

కుంభారావుగారు కప్పు మీద కళ్లు మూసుకున్నారు. ఆయన నెత్తిన పింఛాలరావు, చిన్న అద్దంలో తన మొహం చూసుకుంటూ. బండి ఎక్కడుందో అక్కడే ఉంది.

కనకవల్లి పరిగెత్తుకొచ్చింది. "సార్! పెట్టె ఇచ్చెయ్యండి సార్, నడిచైనా పోతాను. మబ్బు చూడండి!"

"వెంట పరిగెత్తకమ్మా, పడతావ్!" అన్నారు కుంభారావుగారు కళ్లు తెరవకుండా.

"బండి కదల్లేదు సార్!"

"అంత మెత్తగా పోతోందన్నమాట. నడుస్తున్న బండిలోంచి సరుకు దింపకూడదు, అది పంతొమ్మిదో నిబంధన. ఊరొచ్చాక తీసుకో."

"బుర్ర్ర్ర్" అన్నాడు జిత్తయ్య, చెమటలు కక్కుతూ.

కనకవల్లికి ఒళ్లు మండిపోయింది. మిగిలిన ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. ఒక్కటి పీకి ఆ తొండం మీద పొడిచేద్దామా అనుకుంది, నిజం చెప్పొద్దూ, పీకింది కూడా. అంతలో దూరంగా ఉరిమింది. ఆ జింక తల్లి గుర్తొచ్చింది. ముల్లు కింద పడేసి, కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకుని, పెద్దగా అరిచింది.

"రండి రండి కుంభారావుగారూ! ఎగువగుట్టకి సుస్వాగతం అండీ! ప్రయాణం కులాసాగా జరిగిందా?"

జిత్తయ్య బుర్రుమనడం ఆపి నోరు తెరిచాడు.

కుంభారావుగారు కళ్లు విప్పారు. ఎదురుగా అదే చెట్టు, అదే రచ్చ, అవే మొహాలు. "ఎగువగుట్ట అచ్చం మన ఊరిలాగే ఉందేమిటయ్యా?" అన్నారు.

జిత్తయ్యకి వేరే దారి లేదు. "మీ హయాంలో అన్ని ఊళ్లూ సమానంగా అభివృద్ధి చెందాయి సార్."

"నాలుగు రోజుల దారి! ఒక్క కుదుపు లేదు!" కుంభారావుగారి కళ్లు చెమర్చాయి. "ఇదిగోనమ్మా పెట్టె. పిల్లలు జాగ్రత్త."

పెట్టె చేతిలో పడిందో లేదో కనకవల్లి వెనక్కి చూడలేదు. పరీక్ష తప్పిన బళ్లు మైదానంలో అలాగే పడున్నాయి. భల్లయ్య బండి పైన పలక అయిందే గానీ, వెనకాల ఇంజను బతికే ఉంది, నాలుగు చక్రాలూ ఉన్నాయి. భూషణం అప్పటికే ఇప్పపూలు పోసి, పలక మీద గోనెపట్టా పరిచి ఉంచాడు.

"సీటు లేదమ్మా."

"పెట్టే సీటు. తోలు!"

ఎగువగుట్ట దారిలో రెండు కోసుల మేర వెదురు పొద వంగిపోయి ఉంటుంది. మామూలుగా అయితే చుట్టూ తిరిగి పోవాలి. కప్పు లేని ఆ పలక బండి దాని కిందనించి సర్రున దూసుకుపోయింది. కుంభారావుగారు ఎంత బరువుగా కూర్చున్నారో అంత మేలైంది. మర్నాడు మధ్యాహ్నానికి గూడెం చేరారు. ముప్పై ఏడుమంది పిల్లలు. కనకవల్లి ఒక్కొక్క ముల్లే పీకుతూ, ఒక్కొక్కరికే వేస్తూ పోయింది. జింక తల్లి మళ్లీ మంచినీళ్లు తెచ్చింది. ఈసారి ఆవిడ ఒళ్లో చిన్న కూన ఉంది. ఆఖరి సూది దానికే. కనకవల్లి వీపు పూర్తిగా బోడి అయిపోయిన ఆ నిమిషాన టప్పున మొదటి చినుకు పడింది. ఆవిడ చెంబెత్తి గటగటా తాగేసింది.

ఆ ఏడు ఎర్రజ్వరానికి ఒక్క బిడ్డ పోలేదు.

మహాసభలో కుంభారావుగారికి దండ వేశారు. "అంతా బండి మహిమ" అన్నారాయన వినయంగా. ఆ రాళ్ల బండిని అధ్యక్షుల అధికార వాహనం చేసి, జిత్తయ్యని దానికి శాశ్వత డ్రైవరుగా వేశారు. పొద్దున పది నించి సాయంత్రం అయిదు దాకా ఆయన రాళ్ల మధ్య కూర్చుని బుర్రుమంటాడు. గొంతు పోయింది. బొరియ గుమ్మం ఖాళీ అయింది గానీ, పాపం, అందులోంచి ఇంట్లోకి వెళ్లే తీరికే లేదు.

కనకవల్లికి మాత్రం మెమో వచ్చింది, పనికిరాదని తేల్చిన బండిని అనుమతి లేకుండా ఎందుకు వాడావని. ఆవిడ జవాబు రాసి, దాన్ని ఆరో అనుబంధంలో కలపమంది.

నీతి: పెద్దలెక్కిన బండి కదలకపోతే కంగారు పడకూడదు, ఊరొచ్చిందని వాళ్లకి చెప్పి మన పెట్టె మనం దింపుకోవాలి.