కత్తిరింపులో మిగిలిన మాట

ఆ ఉదయం ప్రూఫ్‌రీడర్ పెట్టుకున్న పని చిన్నదే. ఆఫీసుకు బయల్దేరేలోగా తోబుట్టువులకు మెయిల్ రాసే పద్ధతి నేర్పాలి. సముద్రం ఒడ్డున ఇల్లు అద్దెకు తీసుకుని నలుగురూ మూడు రోజులు గడపాలని నెల్లాళ్లుగా చర్చ. ప్రతివాళ్లూ పాత ఉత్తరాలన్నీ తోకలా తగిలించి పంపడంతో, ఒక్క 'సరే' వెతకడానికి కళ్లు కాయలు కాస్తున్నాయి.

"అవసరమైన వాక్యం ఉంచి మిగతాది కత్తిరించండి. జవాబు దాని కింద రాయండి," అని అందరికీ రాశాడు. ఊరికే చెబితే ఎవరు వింటారని, చేసి కూడా చూపించాడు. పళ్ల డాక్టరైన అన్నయ్య ముందురోజు, "అక్క వద్దు అంటే ప్రయాణమే మానేద్దాం" అని రాశాడు. కత్తిరించే ఊపులో అందులో రెండు మాటలే మిగిలాయి.

"అక్క వద్దు."

దాని కింద ప్రూఫ్‌రీడర్ జవాబు: "నాదీ అదే మాట."

లెక్కల టీచరైన చెల్లెలు, చెప్పిన పద్ధతిలోనే, "నాదీను" అని చేర్చి క్లాసుకు పరుగెత్తింది.

తల్లి పోయాక ఆ ముగ్గురినీ తల దువ్వి బడికి పంపిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ అక్కే. ప్రసూతి వార్డులో నర్సు. డ్యూటీ దిగి వచ్చి ఉత్తరం చదివింది. "సరే. మీరు వెళ్లిరండి," అని జవాబిచ్చింది.

అది చూసి అన్నయ్య, అక్కకు ఇష్టం లేదు కాబోలనుకుని అద్దె ఇల్లు రద్దు చేసేశాడు. రద్దయిందనగానే చెల్లెలు కంగారుపడింది. తను ముక్తసరిగా రాసినందుకే అక్క అలిగిందనుకుని, "క్షమించు అక్కా, మనసులో మాట మరీ పొట్టిగా రాసేశాను," అంది. ప్రూఫ్‌రీడర్ సర్దిచెప్పబోయాడు. "అక్కా, ఈ విషయంలో మేం ముగ్గురం ఒకే మాట మీద ఉన్నాం." దానికి పైన, నియమం తప్పకుండా, ఆ రెండు మాటలే ఉంచాడు.

నోరు తెరిచి కూర్చున్న రోగిని "అలాగే ఉండండి" అని చెప్పి అన్నయ్య ఫోన్ చేశాడు.

"ఒరేయ్, నేను రాసిందేంటి, నువ్వు మిగిల్చిందేంటి?"

ప్రూఫ్‌రీడర్ చూసుకున్నాడు. ఇరవై ఏళ్లుగా పదిమంది తప్పులు దిద్దినవాడు గబగబా ఆఫీసు ఫోన్ అందుకుని అక్క నంబరు నొక్కాడు.

"అక్కకి చేస్తున్నా... ఫోన్ ఎత్తట్లేదన్నయ్యా."

"బయల్దేరు. చెల్లాయిని కూడా రమ్మను."

గంటలో ముగ్గురూ అక్క ఇంటి మెట్లమీద ఉన్నారు. అక్క తలుపు తీసింది. ప్రూఫ్‌రీడర్ అచ్చు తీసి తెచ్చిన అసలు ఉత్తరం ముందుకు చాపాడు.

"అక్కా, ఆ మాట అది కాదు..."

"తెలుసురా. పెద్దాడు రాసింది నాకూ వచ్చిందిగా. ముందు ఏడ్చాను. తర్వాత దాన్ని తీసి మొత్తం చదివాను."

"మరి ఫోనెందుకు ఎత్తలేదే?" అన్నాడు అన్నయ్య.

"ఎత్తితే చెప్పేస్తాను. చెబితే మీరు రారు. ముగ్గురూ కలిసి ఈ గుమ్మం ఎక్కి నాలుగేళ్లయింది."

చెల్లెలు అక్క భుజం మీద తల వాల్చేసింది.

"నిజంగా ఏడ్చావా?" అన్నాడు ప్రూఫ్‌రీడర్ నెమ్మదిగా.

"పది నిమిషాలు. ఇలా రా, చెవి మెలేస్తాను."

నలభై ఆరేళ్ల మనిషి బుద్ధిగా వంగి చెవి అప్పగించాడు.

ప్రయాణానికని పెట్టుకున్న మూడు రోజుల సెలవూ అక్క రెండు గదుల ఇంట్లోనే గడిచింది. స్నానాలగది ఒక్కటే కావడంతో, నాలుగో రోజు పొద్దున ఇంకా ఉండమని ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు.