గూడ్స్ షెడ్డుకు మూడు రోజుల ప్రదక్షిణ

సోమవారం పొద్దున అబ్రహాం మహబూబాబాద్ పోయి, బస్తాలు లాగే కొక్కేలు నాలుగు కొని, పనిలో పనిగా గడ్డం గీయించుకుని, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి పడుకోవాలనుకున్నాడు. ఇంతకు మించి అతనికి దురాశ ఏమీ లేదు. డోర్నకల్‌కు పది కిలోమీటర్ల ఇవతల ఉన్న తుమ్మలకుంటలో ముప్పై రెండు మంది హమాలీల జట్టుకు అతను మేస్త్రీ. మిర్చి, వడ్ల సీజన్లో వాళ్లకు ఊపిరి పీల్చుకునే తీరిక ఉండదు. మిగతా ఏడు నెలలు ఊపిరి పీల్చుకోవడం తప్ప పని ఉండదు. ఈసారి పన్నెండు మంది హైదరాబాద్‌లో వాచ్‌మెన్ పనికి పోతామని సంచులు కూడా సర్దుకున్నారు. జట్టు చెదిరిపోతే తాను ఎవరికి మేస్త్రీ అన్నది అబ్రహాం బెంగ.

బస్సు కోసం క్రాస్‌రోడ్డుకు వస్తే, అక్కడ గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, చేతిలో ట్యాబ్‌తో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పేరు అలేఖ్య, ఊరు జనగామ.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

"లారీల సర్వే అన్నా. సరుకు ఏడికెళ్లి ఏడికి పోతున్నది, రోడ్డు మీద ఎంత, రైలుకు ఎంత, పోర్టుకు ఎంత, అన్నీ రాయాలె. జనగామల ఒకటి, భూపాలపల్లి దిక్కు టేకుమట్లల ఒకటి, ఈడ ఒకటి. మూడు దినాలు. ఇది చూసినంక, రైలుకు సరుకు ఎక్కించే గూడ్స్ షెడ్డు ఏడ కట్టాల్నో సర్కారు తేలుస్తది."

"ఏడ కడ్తరు?"

"ఏడ అవసరముంటే ఆడ."

అబ్రహాం ఎక్కాల్సిన బస్సు వచ్చింది, పోయింది. అతను చూడలేదు. షెడ్డు వస్తే ఏడాది పొడుగునా వ్యాగన్లు, వ్యాగన్లు వస్తే ముప్పై రెండు మందికీ పని, పైన ఇంకో పదిమందికి కూడా. కానీ గంటసేపు నిలబడి చూస్తే ఆ రోడ్డు మీద రెండు లారీలు, ఒక డీజే బండి, దారి తప్పిన గేదె మాత్రమే దాటాయి. గేదెను ఆమె రాసుకోలేదు.

హమాలీ లెక్క వేరు. గోదాము గేటు దగ్గర గుమస్తా చూసేది మనిషిని కాదు, మనిషి దాటడాన్ని. ఒకడే వందసార్లు బస్తాతో దాటితే వంద గీతలు పడతాయి. ముప్పై ఏళ్లు ఆ గీతల మీదే బతికినవాడికి లోకంలో ఇంకో రకం లెక్క ఉంటుందన్న అనుమానం ఎందుకొస్తుంది? అవసరమంటే గీతలే అనుకున్నాడు అబ్రహాం. నేరుగా జగపతి ఇంటికి నడిచాడు. జగపతి మాజీ సర్పంచ్, రెండు ట్రాక్టర్లకు యజమాని. పైగా పట్టాల పక్కన అతనికి గడ్డి కూడా మొలవని పదెకరాలుంది.

"పటేలా, ఒక ట్రాక్టర్ ఇయ్యి. క్రాస్‌రోడ్డు దాటి, మిల్లు ఎనకకెళ్లి, బడి పక్క బాట పట్టి మళ్ల క్రాస్‌రోడ్డుకు. మూడు దినాలు తిరుగుడే పని."

జగపతి సంగతంతా విని, తన పదెకరాల వైపు ఒకసారి చూశాడు. "ఒకటేం సరిపోతదిరా, రెండూ తీస్కపో," అన్నాడు.

మొదటి ట్రాక్టర్ మీద జట్టులోని వాల్యా ఎక్కాడు. ఏం లోడని అలేఖ్య అడిగితే మిర్చి అన్నాడు, ఎక్కడికంటే ఖమ్మం అన్నాడు. ఇరవై నిమిషాలకు మళ్లీ వచ్చి మళ్లీ మిర్చి, మళ్లీ ఖమ్మం అన్నాడు. మూడో చుట్టులో మిల్లు వెనక ఆగి అబ్రహాంను పక్కకు పిలిచాడు.

"మేస్త్రీ, ఆమె నంబరు గూడ రాస్తున్నది. చలాన్ వస్తదేమో."

"నంబరు రాయకుంటే అది బండని ఎట్ల తెలుస్తది? నువ్వేం పరేషాన్ గాకు. ఇంకోటి, ఖమ్మం అనకు. దగ్గరూరికి రైలెందుకంటరు. కాకినాడ పోర్టు అను."

"కాకినాడ ఏ దిక్కుంటది?"

"నువ్వు పోతున్నవా ఏంది? చెప్పుడే గదా."

మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. మంచి పనికి పిలుపు అక్కర్లేదన్నట్టు ట్రాక్టర్లు, ఆటో ట్రాలీలు, ఊక బండ్లు, గడ్డి బండ్లు, టెంట్‌హౌస్ వ్యాను ఒకదాని వెనక ఒకటి వరుస కట్టాయి. అందరి నోటా ఒకటే మాట, కాకినాడ. చివరికి నీళ్ల ట్యాంకర్ కూడా వచ్చి ఆగింది. దాన్ని నడిపేది నరేశ్.

"లోడేంది?"

"నీళ్లు మేడం. కాకినాడకు."

"ఆడ సముద్రమే ఉన్నది గదా?"

"గవి ఉప్పు నీళ్లు గదా మేడం."

అలేఖ్య ఒక క్షణం ఆలోచించింది. ఆమె ట్యాబ్‌లో సరుకుకు గడి ఉంది, ఊరికి గడి ఉంది, బండి నంబరుకు, టైముకు గడులున్నాయి. అనుమానానికి గడి లేదు. మంచినీళ్లు, పోర్టుకు అని రాసుకుంది.

రెండో రోజు మోయడానికి సరుకు కరువైంది. ఖాళీ బండి తిప్పితే బాగుండదని చర్చి బెంచీలు ఎక్కించారు, బడి బల్లలు ఎక్కించారు, ఎవరింటి ముందు ఏది కనపడితే అది ఎక్కించారు. పన్నెండింటికి అన్నం తెస్తుందనుకున్న భార్య సుమలత వట్టి చేతులతో వచ్చింది.

"పొయ్యి కట్టెలు గూడ కాకినాడకు పంపినవట గదా. గ్యాస్ అయిపోయి నాలుగు దినాలాయె. అన్నం దేని మీద వండాలె?"

"రెండు దినాలు ఓర్సుకోవే. షెడ్డు వస్తున్నది."

"వచ్చినంక పిలువు. నేను మా అమ్మోళ్లింటికి డోర్నకల్ పోతున్న." ఆమె మరో మాటకు ఆగకుండా, బస్సు కోసం అదే గొడుగు పక్కన నిలబడింది. అబ్రహాంకు కడుపులో ఆకలి, గుండెలో దిగులు, అయినా గీతలు పడుతూనే ఉన్నాయని ఓదార్చుకున్నాడు.

మూడో రోజు వరుసకు తల ఎక్కడో తోక ఎక్కడో తెలియకుండా పోయింది. బడి బస్సు అందులో ఇరుక్కుని, ఆగడానికి సందు లేక, బడిని మూడుసార్లు దాటింది. పిల్లలు ఆ రోజును ఇప్పటికీ తలుచుకుంటారు. భూపాలపల్లి నుంచి నిజంగానే బొగ్గు తెస్తున్న ప్రేమ్‌చంద్ అనే డ్రైవర్, రోడ్డు మళ్లించారు కాబోలనుకుని ముందు బండి వెనకే పోయాడు. నాలుగో చుట్టులో కిటికీలోంచి తల బయటపెట్టి అబ్రహాంను అడిగాడు.

"అన్నా, గీ రైసు మిల్లు ఎన్ని ఊళ్లల్ల కట్టిండ్రే?"

సాయంత్రం ఆరింటికి అలేఖ్య గొడుగు మడిచే సమయానికి పద్దెనిమిది వందల గీతలు పడ్డాయి. జగపతి ఊరికి జిలేబీ పంచాడు. హైదరాబాద్ పోవాల్సిన పన్నెండు మంది సర్దిన సంచులు విప్పేశారు. అబ్రహాం డోర్నకల్ పోయి, అత్తగారి చేత నాలుగు చివాట్లు తిని, భార్యను వెంటబెట్టుకొచ్చాడు. ఆ తర్వాత మూడు వారాలు అతను బజారులో నడుస్తుంటే జనం లేచి నిలబడేవారు.

మూడు వారాల తర్వాత మహబూబాబాద్‌లో మీటింగు. అబ్రహాం ఇస్త్రీ చొక్కాతో ముందు వరుసలో, పక్కనే జగపతి. హైదరాబాద్ నుంచి వచ్చిన ప్లానింగ్ సారు తెర మీద పటాలు చూపించి, గొంతు సవరించుకున్నాడు.

"తుమ్మలకుంట ఫలితాలు చూసి మేం ఆశ్చర్యపోయాం. ఈ ట్రాక్టర్ చూడండి. పొద్దున ఏడు గంటల పది నిమిషాలకు మిర్చితో కాకినాడ బయల్దేరింది. ఏడున్నరకు మళ్లీ కాకినాడ బయల్దేరింది. అంటే ఇరవై నిమిషాల్లో పోర్టులో లోడు దించి తిరిగొచ్చింది. ఒక్క రోజులో ముప్పై ఒక్క ట్రిప్పులు. ఒక్క బండి కాదు, ఆ ఊళ్లో అన్ని బండ్లదీ అదే వేగం."

హాల్లో చప్పట్లు మోగాయి. అబ్రహాంకు ఎందుకో కొట్టబుద్ధి కాలేదు.

"ఇంత వేగంగా సరుకు పోయే చోట రైలు పెడితే పని నెమ్మదిస్తుంది. కాబట్టి అక్కడ షెడ్డు అవసరం లేదు. జనగామకు ఉన్నది చాలు. టేకుమట్ల పరిస్థితి మాత్రం దారుణం. అక్కడ దాటిన లారీల్లో మూడు రోజులైనా ఒక్కటీ తిరిగి రాలేదు. అవసరం అక్కడుంది."

"టేకుమట్లకు రైలు పట్టాలే లేవు గద సార్," అన్నాడు జగపతి నీరసంగా.

"అదే కదండీ అవసరమంటే."

అబ్రహాం లేచి నిలబడ్డాడు. సంచులు విప్పిన పన్నెండు మంది ముఖాలు కళ్ల ముందు తిరుగుతున్నాయి. సిగ్గయినా నిజం దాచుకోలేదు.

"సారూ, తప్పు నాది. గా బండ్లు కాకినాడ పోలే. ఊరి సుట్టే తిరిగినయ్. నేనే తిప్పిన."

సారు జాలిగా నవ్వాడు. "ఎవరైనా మూడు రోజులు ఊరి చుట్టూ బండ్లు తిప్పుతారా, పెద్దాయనా? నమ్మే మాటేనా? మా దగ్గర నంబర్లు, టైములతో సహా ఉన్నాయి."

"ముప్పై రెండు మంది బతుకు సారూ. జర సూడుండ్రి."

సారు మనసు కరిగింది. అక్కడికక్కడే కాగితం తీసి, టేకుమట్ల షెడ్డు పూర్తవగానే హమాలీ పని మొత్తం అబ్రహాం జట్టుకే ఇవ్వాలని రాసి సంతకం పెట్టాడు.

"దినాం టేకుమట్ల పోయి రావాల్నా సారూ? శానా దూరం గద."

దానికీ సారు దగ్గర లెక్క ఉంది. తుమ్మలకుంట బండ్ల వేగంతో భాగించి చూస్తే ప్రయాణం నాలుగున్నర నిమిషాలు తేలింది. ఐదో నిమిషం నుంచి ఆలస్యం కింద రాసుకుంటారని ఆ కాగితం మీదే అడుగున చేర్చాడు.