ఊదారంగు నిలవని ఉదయం

"ఆ సీసా మీద పుర్రె బొమ్మ ఉందే తల్లీ. మూత ఊడిందంటే మన గతేంటి?" అంది అమ్మ, ఇంకా ఎవరూ ఆ సీసాను ముట్టుకోకముందే.

కూతురు ముందు గదిలో బల్ల తుడుచుకుంటోంది. ఆ గదే ఆమె నీటి పరీక్షల ల్యాబు. బొటనవేలంత సీసాలో నల్లటి రంగుపొడి ఉంది. నీళ్ళలో కలిపితే లేత ఊదాగా ఉంటుంది, ఆ నీళ్ళలో సున్నం ఉంటే నీలమవుతుంది. దొరకడమే గగనం. సరుకు సరఫరా చేసే సీసాల బాబాయి నెలల తరబడి తిప్పించుకుని నిన్ననే తెచ్చిచ్చాడు. ఈ పూట ఆఫీసరు గారు వచ్చి పరీక్ష చూస్తారు. నచ్చితే ల్యాబుకు అనుమతి. లేకపోతే కూతురు మళ్ళీ బస్సులెక్కి ఎవరి ల్యాబులోనో గ్లాసులు కడుక్కోవాలి.

"అందులో పాషాణం ఉందటగా?"

"ఉందమ్మా. మింగినా పీల్చినా ప్రమాదమే. అందుకేగా గ్లౌజులూ, మాస్కూ. ఒలికితే తడిగుడ్డతో అద్ది విడిగా డబ్బాలో వేస్తాం, తూములో పొయ్యం. ఇంక భయమెందుకు?"

"నువ్వు జాగ్రత్తగానే ఉంటావు. అది ఉండొద్దూ?"

కూతురు నవ్వి స్నానానికి వెళ్ళింది. కిటికీలోంచి పడిన ఎండలో దుమ్ము తేలుతోంది. నలుసు నలుసూ తొందర లేకుండా, నిద్రలో నడిచినట్టు కిందికి దిగుతోంది. అమ్మ చూస్తూ ఉండిపోయింది. ఆ సీసాలోంచీ ఒక నలుసు ఇలాగే లేచి, ఇలాగే అందంగా తేలి... చూపు కిందికి దిగేసరికి బల్ల కింద శుద్ధమైన నీళ్ళ క్యాను కనబడింది. మూత సగం తెరిచి ఉంది. నలుసు అందులో పడే ఉంటుందనుకుంది. సీసాకు సీలే తీయలేదన్న సంగతి తట్టలేదు.

ముక్కుకు తువ్వాలు కట్టుకుని క్యానును పెరట్లోకి మోసింది. గొయ్యి తవ్వి నీళ్ళన్నీ పారబోసి, మట్టి కప్పి, అవి పైకి రాకుండా మీద ఇటుక పెట్టింది. క్యానును తోమి, వంటింటి బిందెలోని తాగే నీళ్ళు నిండా పోసి, ఎక్కడిదక్కడ పెట్టేసింది. అప్పటికి గానీ ఊపిరాడలేదు.

కాసేపటికి కూతురు గ్లౌజులు తొడుక్కుని సీలు తీసింది. ముందు క్యాను నీళ్ళలో రంగు కలిపి చూడాలి. అది ఊదాగానే నిలవాలి. గ్లాసులో ఊదారంగు పొగలా విచ్చుకుని, చూస్తుండగానే నీలంగా మారిపోయింది.

"బాబాయ్ గారూ, మీ పొడి చెడిపోయింది," అంది ఫోనులో.

బాబాయి ఇంకో సీసాతో పరుగున వచ్చాడు. అదీ నీలమే. ఆయన ముఖం కూడా ఇంచుమించు ఆ రంగుకే వచ్చింది. గోడౌనుకు ఫోను చేశాడు. "ఆ సరుకు ఎక్కడుంటే అక్కడ ఆపండి. లారీ ఎక్కించేశారా? అయితే లారీనే ఆపండి."

అమ్మకు ఒక్కటే అర్థమైంది. పాషాణం బయటికి వచ్చేసింది. కిటికీలన్నీ బార్లా తెరిచి, పూలకుండీలను వీధిలోకి మోసి, గేటు దగ్గర కాపలా నిలబడింది. ఆఫీసరు అప్పుడే కారు దిగింది.

"లోపలికి రాకండి మేడమ్. గాలి నీలంగా ఉంది."

ఆఫీసరు గాలిని ఒకసారి చూసి, అమ్మను దాటుకుని లోపలికి నడిచింది. జరిగినదంతా వింది. తన సంచీలోంచి సీలు వేసిన శుద్ధజలం సీసా తీసి, రెండు పొడులనూ అందులో వేరువేరుగా కలిపించింది. రెండు గ్లాసుల్లోనూ పొద్దు వాలాక మబ్బుకు మిగిలే ఊదారంగు. అలాగే నిలిచింది. వాటిలో క్యాను నీళ్ళు చుక్క వేయించింది. నీలం.

"పొడి బంగారంలా ఉంది. క్యానులోవే శుద్ధమైన నీళ్ళు కావు, వాటిలో సున్నం ఉంది. ఎవరూ చెప్పకుండానే పట్టిచ్చింది, నాకింకేం కావాలి?"

బాబాయి లారీని వదలమనడానికి ఫోను అందుకున్నాడు. ఆఫీసరు కలం తీసి ఆగింది. "కానీ ల్యాబులో నీళ్ళు ఎవరు మార్చారో తెలియకుండా సంతకం పెట్టలేను. ఎవరు?"

కూతురు బాబాయిని చూసింది. బాబాయి పైకప్పును చూశాడు. తెరిచిన కిటికీలోంచి గాలి వచ్చి గ్లాసుల్లో నీలాన్ని కొద్దిగా కదిపింది. అమ్మ ఆ నీలాన్నే చూస్తూ, తువ్వాలు అంచును వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. కలం గాలిలోనే ఉంది.

"నేనేనండీ," అంది చివరికి. "కానీ కాచి, చల్లార్చి, వడగట్టే పోశాను."