చిమ్మటది ఏ జాతి?

ఆ సోమవారం ఉదయం కూర్మారావు పెట్టుకున్నవి రెండే పనులు. కూతురు కరుణశ్రీ కుల ధ్రువపత్రం దరఖాస్తు తహసీల్ ఆఫీసులో ఇవ్వాలి. ఆమె ఒక శాస్త్రవేత్తకు రాసిన ఉత్తరం పోస్టులో వెయ్యాలి. విశాఖ నుంచి హిందీ రాష్ట్రంలోకి వెళ్లే కిరండూల్ రైలు లైన్లో, ఆ చివరనున్న ఓ చిన్న స్టేషన్‌లో పాయింట్స్‌మన్ అతను. ఇరవై ఏళ్లలో ఒక్క బండినీ తప్పు పట్టాల మీదికి పంపినవాడు కాడు. ఆ రోజు మాత్రం కాగితాలు రెండూ కలిపి గుమాస్తా ధీరజ్ చేతిలో పెట్టి వచ్చేశాడు.

కరుణశ్రీ ఉత్తరం హిందీలో రాసింది. క్వార్టర్ గోడ మీద దొరికిన చిమ్మట సంగతి అది: బియ్యపుగింజంత ఒళ్లు, బూడిదరంగు రెక్కలు, అంచున రెండు నల్లచుక్కలు. ‘ఏ జాతో తెలియడం లేదు, దయచేసి నిర్ధారించగలరు’ అని ముగించింది. హిందీలో జాతి అంటే కులం కూడా; ఆ ఆఫీసులోనైతే కులమే.

వారం తర్వాత ధీరజ్ పిలిపించాడు. "మీ అమ్మాయే జాతి తెలియదని సంతకం పెట్టింది కదా."

"అది పురుగు గురించండీ," అన్నాడు కూర్మారావు.

ఏ కులాన్ని పురుగంటున్నావని ధీరజ్ నిలదీశాడు. మర్నాడు కరుణశ్రీ చచ్చిన చిమ్మటను అగ్గిపెట్టెలో తెచ్చి చూపిస్తే, సాక్ష్యం కింద దాన్నీ ఫైలుకు కట్టేశారు. నల్లచుక్కలు రెండూ పుట్టుమచ్చల గడిలోకి ఎక్కాయి. ఉత్తరం మీద ముద్ర కొట్టి, నిపుణుడి అభిప్రాయం కోసం ఆ శాస్త్రవేత్తకే పంపారు.

రిజర్వేషన్లో వచ్చిన ఎమ్మెస్సీ జువాలజీ సీటుకు నెలాఖరులోగా ఆ ధ్రువపత్రం చూపించాలి. "ఈ పిల్ల ఏ పువ్వుల చదువో చదవక ఈ పురుగుల చదువెందుకు," అని తల్లి నూకమ్మ అన్నం ముందు కూర్చుని ఏడ్చేది. కరుణశ్రీ గోడల వైపు చూడటం మానేసింది.

గడువు ఇంకా మూడు రోజులుందనగా జవాబు వచ్చింది. ‘ఇది సామాన్య జాతి. చిన్న కుటుంబం. విశాఖ నుంచి ఇక్కడిదాకా ప్రతి దీపం కిందా ఉంటుంది. గమనించిన అమ్మాయి కన్ను మాత్రం సామాన్యమైనది కాదు.’

కూర్మారావు కళ్లు తుడుచుకున్నాడు. ధీరజ్ తొలిసారి టీ తెప్పించాడు. అరగంటలో ధ్రువపత్రం చేతికొచ్చింది.

గేటు దగ్గర కరుణశ్రీ దాన్ని రెండుసార్లు చదివింది. "నాన్నా, మన వర్గం సామాన్యమని రాశారు."

"మంచిదే కదమ్మా."

"సామాన్యమంటే జనరల్. మనకి రిజర్వేషన్ లేదని దానర్థం."

వెనక్కి పరుగెత్తారు. ధీరజ్ అప్పటికే ఫైలు మూసేశాడు. కంగారు పడొద్దని, అప్పీలు పెట్టుకుంటే తొంభై రోజుల్లో తేలిపోతుందని ధైర్యం చెప్పాడు.