మడవకూడని వేలు

ఆ ఉదయం కత్తెర బావ వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం దాకా కుడిచేయి వీపు వెనకాల దాచుకుని, ఏ పనీ నెత్తికెత్తుకోకుండా గడిపేయడం.

అతను బట్టల కొట్లో గుడ్డ కత్తిరించే మనిషి. అదే కొట్లో పనిచేసే బావమరిది "బావా, బావా" అని పిలుస్తుంటే ఆ పిలుపే అందరి నోటా పడింది. ఇంట్లో దుప్పటి అంచు పరుపు కిందికి తోస్తుంటే చూపుడువేలి చివరి కణుపు దగ్గర నరం తెగి, వేలి కొస తల వాల్చేసింది. డాక్టరమ్మ ఆపరేషన్ అక్కర్లేదంది. వేలు నిటారుగా ఉండేలా తెల్లటి ప్లాస్టిక్ తొడుగు వేసి, "ఆరు వారాలు ఇలాగే ఉండాలి. మధ్యలో ఒక్కసారి కొస వంగిందా, మళ్ళీ మొదటి నుంచి ఆరు వారాలు," అంది.

ఆ గడువు ఈ సాయంత్రంతో తీరుతుంది. తీరకపోతే ఏమవుతుందో యజమాని పొద్దున్నే చెప్పాడు. "రేపు నువ్వు కత్తెర పట్టకపోతే ఇంకో మనిషిని పెట్టుకుంటానయ్యా. నీ వేలి కోసం గిరాకీ ఆగదు."

ఇన్నాళ్ళూ కౌంటరు దగ్గర యజమానే నిలబడ్డాడు. ఆ రోజు మాత్రం పంటినొప్పి భరించలేక, గంటలో వస్తానని కొట్టు కత్తెర బావకి అప్పగించి వెళ్ళాడు.

వెనకగదిలో కుట్టుమిషన్ల హోరుకి కొట్లో మాట వినబడదు. అందుకని అటక మీంచి గుడ్డ తానులు కిందికి జార్చే బావమరిదికి అన్నీ సైగలే. కుడిచేతి వేలు ఎత్తితే ఒక తాను వదలాలి. పిడికిలి బిగిస్తే ఆపాలి. ఎడమచేతిలో ఎప్పుడూ గుడ్డ ఉంటుంది కనుక ఆ చేయి లెక్కలోకి రాదు. సైగ సరిగా చూడలేదని నిన్ననే యజమాని బావమరిదికి తలంటాడు. "చేయి ఏం చెబితే అది చెయ్యి. నీ బుర్ర వాడకు," అన్నాడు.

ఒకావిడ కిటికీ తెరకి గుడ్డ కావాలని వచ్చింది. "వేలికేమైంది బాబూ?" అని అరిచినంత గట్టిగా అడిగింది.

"ఇదాండీ," అంటూ అతను చేయి పైకెత్తి చూపించాడు.

నీలం తాను ఒకటి దభీమని కౌంటరు మీద పడింది.

"అబ్బే, వద్దురా," అని వేలు అడ్డంగా ఆడించాడు. ఎన్నిసార్లు ఆడించాడో అన్ని తానులు పడ్డాయి.

"నాకున్నది ఒక్క కిటికీయే," అందావిడ గుమ్మంలోకి తప్పుకుంటూ.

అతను గొంతు చించుకుని అరిచాడు. మిషన్లు ఆ అరుపుని మింగేశాయి. ఎడమ పిడికిలి చూపించాడు. అది లెక్కలోకి రాదు గనక బావమరిది మర్యాదగా చూపు తిప్పుకున్నాడు. చేయి దించుదామంటే దించినచోటల్లా తాను వచ్చి పడుతోంది, తగిలితే కొస వంగుతుంది. ఎత్తి ఉంచితే మరో తాను వస్తుంది. కుడి పిడికిలి ఒక్కసారి బిగిస్తే అంతా ఆగిపోతుంది.

"పోనీ ఆ వేలు ముడిచెయ్యరాదూ?" అందావిడ.

"ఆరు వారాలండీ," అన్నాడతను నడుం దాకా గుడ్డల్లో మునిగి. ముడవలేదు.

యజమాని బుగ్గ పట్టుకుని వచ్చేసరికి కౌంటరు కనబడలేదు. గుడ్డల గుట్ట ఉంది. గుట్ట మీద తెల్లటి తొడుగుతో ఒక వేలు ఉంది. మనిషేడన్నట్టు ఆవిడ కేసి కళ్ళెగరేశాడు.

"దాని కిందే ఉన్నాడండీ," అందావిడ.

సూదిమందుకి మొద్దుబారిన నోట్లోంచి యజమానికి తిట్టు కూడా రాలేదు. ఉక్రోషంతో కుడి పిడికిలి బిగించి అటక వైపు ఊపాడు. బావమరిది తక్షణం ఆపాడు. అప్పటికే జారిపోతున్న తానుని కూడా వెనక్కి పట్టుకోబోయాడు. గుడ్డ చుట్టిన చెక్క బావమరిది వేలి కొసకి ఠపీమని కొట్టుకుంది.

సాయంత్రం డాక్టరమ్మ కత్తెర బావ వేలి తొడుగు విప్పింది. వేలు గీత గీసినట్టు తిన్నగా నిలబడింది.

"రేపు కత్తెర పట్టుకోవచ్చాండీ?"

"నెమ్మదిగా పట్టుకోండి. రాత్రిళ్ళు మాత్రం కొన్నాళ్ళు తొడుగు వేసుకోండి. ఇంత శ్రద్ధగా ఉండేవాళ్ళు తక్కువ," అని మెచ్చుకుని, ఆవిడ పక్క కుర్చీ వైపు తిరిగింది. అందులో కూర్చున్న మనిషి వేలి కొస తల వాల్చేసి ఉంది. "మీకెలా తగిలింది?"

బావమరిది బావ కేసి ఒకసారి చూసి, "చెప్పిన మాట విన్నానండి," అన్నాడు.