శిలాఫలకాల షెడ్డు

"హైస్కూలు కావాలో వద్దో తేల్చాల్సింది నేను కాదు, ప్రజలు!" అని మా నాయకుడు గంగాధరరావు గారు ఆదివారం మైకులో ప్రకటించారు. అంత వినయం నేనెక్కడా చూడలేదు. శంకుస్థాపన రాయి చెక్కమని నాకు శనివారమే ఆర్డరిచ్చేశారు. ముందుచూపంటే అదీ!

సబ్బవరం రోడ్డులో నాకు గ్రానైటు ఫలకాలు చెక్కే షాపుంది. ఊళ్లో ఏ అభివృద్ధి జరిగినా మొదట నాకే తెలుస్తుంది. చాలాసార్లు నాకు తప్ప ఎవరికీ తెలియదు.

మా ఊరి బడి ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. తొమ్మిదికి వెళ్లాలంటే హైవే దాటి రెండు ఆటోలు మారాలి. చేపలమ్మే వరహాలమ్మ మనవరాలు హేమశ్రీ ఎనిమిది పాసయింది, క్లాసు ఫస్టు. ఆ ముసలమ్మ సభలోనే లేచి నిలబడింది.

"బాబూ, జూనుకి బడొత్తాదా, రాదా? రాకపోతే దీన్ని రొయ్యల కంపెనీలో ఎట్టేయాల. ఒక్కద్దాన్నీ అంత దూరం నానెలా పంపుతాను?"

"ఎందుకు రాదమ్మా! అందుకేగా రాయి వేస్తున్నాం!"

వేశారు. కొబ్బరికాయ కొట్టారు, ఫొటోలు దిగారు. మర్నాడు పొద్దున్నే పీఏ బాబీ షాపుకి పరిగెత్తుకొచ్చాడు.

"బావా, కొంప ములిగిపోనాది! సైర్మన్ గారి పేరు మూడో లైన్లో ఎట్టీసినావు. ఆయన అలిగీసినాడు."

"నువ్వు రాసిచ్చిందే కదా చెక్కాను."

"అదేటి, నాకు తెల్దా? కొత్తది సెక్కీ."

కొత్త రాయి, కొత్త కొబ్బరికాయ. ఈసారి నాయకుడు గారి బావమరిది పేరు మరిచిపోయారు. మూడోసారి అందరి పేర్లూ పట్టాయి గానీ 'హైస్కూలు' అన్న మాటకి చోటు చాల్లేదు. అది ఎవరూ గమనించలేదు, అందుకని ఎవరూ అలగలేదు.

పాత రాళ్లు తీసేద్దామంటే వాటిమీద పేర్లున్నవాళ్లు ఊరుకోరు. అవి వానకి తడవకుండా రేకుల షెడ్డు వేశారు. చుట్టూ ప్రహరీ కట్టి గేటుకి తాళం బిగించారు. బడి కోసం కేటాయించిన స్థలంలో ఇంత నిర్మాణం జరగడం మా ఊరి చరిత్రలో మొదటిసారి.

మే నెలాఖరున, బడికి నిధులు ఇవ్వాలా వద్దా తేల్చడానికి ఆఫీసర్ల కమిటీ వచ్చింది. రుషికొండ రిసార్టులో రెండ్రోజులు అధ్యయనం చేసి, మూడోరోజు షెడ్డుకొచ్చారు. ఫలకాలు చదివి వినిపించమని హేమశ్రీని పిలిచారు. బాగా చదివితే బడి వచ్చేస్తుందనుకుందో ఏమో, ఆ పిల్ల ఒక్క పేరూ తడబడకుండా మూడు రాళ్లూ గడగడా చదివేసింది.

గంగాధరరావు గారి కళ్లు చెమ్మగిల్లాయి.

"చూశారా సార్! హైస్కూలు లేకుండానే ఇంత బాగా చదువుతోంది. ఇంక హైస్కూలెందుకండీ, దండగ!"

కమిటీ రాసుకుంది.

"నాను ఇంకా సదవాలండి" అంది హేమశ్రీ.

"పిల్లకి వినయం కూడా ఉంది" అని పెద్దాఫీసరు గారు అదీ రాసుకున్నారు.

నిజం చెప్పొద్దూ, ఆ పిల్ల మొహం చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. అంతలో నాలుగో రాయికి ఆర్డరొచ్చింది, సర్దుకున్నాను. 'సంపూర్ణ విద్యావంతుల ఊరు' అని చెక్కాలట.

జూన్లో ఆవిష్కరణ. తెర తొలగించగానే నాయకుడు చుట్టూ చూశారు.

"మన హేమశ్రీ ఏదీ? చదవమనండి!"

వరహాలమ్మ చేపల గంప కిందకి దించింది.

"తెల్లారగట్టే కంపెనీ వేను ఎక్కీసినాది బాబూ. రొయ్యలు ఒలుత్తంది."

గంగాధరరావు గారు మైకు దగ్గరికి లాక్కున్నారు.

"విన్నారా! ఇలా చదువు అయిందో లేదో, అలా ఉద్యోగం! ఏ ఊళ్లో ఉందండీ ఈ ప్రగతి?"

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. బాబీ నా పక్కకి జరిగాడు.

"బావా, ఇంకో రాయి సెక్కాల. ఉపాధి కల్పన మీద."

పేర్ల జాబితా చేతిలో పెట్టాడు. ఇరవై రెండు పేర్లు.

"హేమశ్రీ పేరు కూడా వెయ్యనా?" అన్నాను.

"సోటేదీ బావా?" అన్నాడు.